బావ విల్లీ, తమ్ముడు నిక్కీ

ఒక భోజనాల బల్ల. దానికి అటూ ఇటూ ఇద్దరు పెద్దమనుషులు. ఎడమ పక్కన బక్కపలచగా, పొడుగ్గా, సూదిముక్కుతో కనిపించేది బ్రిటన్ ప్రధానమంత్రి విలియం పిట్. కుడి పక్కన కుర్చీలోంచి సగం పైకి లేచి, తలకు మించిన ఈకల టోపీ పెట్టుకుని, ఆత్రంగా చూస్తున్న పొట్టి మనిషి ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్. ఇద్దరి మధ్య పళ్లెంలో పొగలు కక్కుతున్న గుండ్రటి పుడ్డింగు. ఎండుద్రాక్ష దట్టించి ఉడికించే ఈ తీపి వంటకం ఇంగ్లండులో క్రిస్మస్ పండక్కి ఉండి తీరాలి. అయితే ఈ పుడ్డింగు మీద ఖండాలూ సముద్రాలూ కనిపిస్తాయి. అది భూగోళం. నెపోలియన్ కత్తి యూరప్ ముక్కను కోస్తోంది. పిట్ కత్తి అట్లాంటిక్ సముద్రం మీదుగా దిగి, వెస్టిండీస్ దీవులతో సహా అంతకంటే పెద్ద ముక్కను తన వైపు వేసుకుంటోంది.

జేమ్స్ గిల్రే అనే చిత్రకారుడి ఈ బొమ్మ 1805 ఫిబ్రవరి 26న లండన్‌లో అచ్చయి అమ్మకానికి వచ్చింది. అంతకు ఎనిమిది వారాల ముందు, సంధి చేసుకుందామంటూ నెపోలియన్ ఇంగ్లండు రాజుకు ఉత్తరం రాశాడు. ఆ సంధి మాటల వెనక ఎవరికి ఏం కావాలో గిల్రే గీసి చూపించాడు. తర్వాత ఏమైందో చూడండి. అదే ఏడాది అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ నౌకాదళం ఫ్రాన్సు, స్పెయిన్ ఓడలను చిత్తుచేసింది. డిసెంబరు 2న ఆస్టర్‌లిట్జ్ దగ్గర నెపోలియన్ ఆస్ట్రియా, రష్యా సేనలను చిత్తుచేశాడు. సముద్రం ఒకరి పళ్లెంలోకి, ఖండం మరొకరి పళ్లెంలోకి వెళ్లిపోయాయి. బొమ్మ బయటికి వచ్చి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు.

ఈ బొమ్మ తెలిసిన పిల్లవాడికి మరుసటి ఏడాది సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, తనే ఊహిస్తాడు. నేలంతా తనదే అయినా సముద్రం మీద కాలు పెట్టలేనివాడు ఏం చేస్తాడు? రేవులు మూయిస్తాడు. 1806 నవంబరులో బెర్లిన్ నుంచి నెపోలియన్ చేసిన ఉత్తర్వు అదే. యూరప్‌లో ఎవరూ ఇంగ్లండుతో వ్యాపారం చేయకూడదన్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి పోర్చుగల్ మీదికి, స్పెయిన్ మీదికి, చివరికి 1812లో రష్యా మీదికి వెళ్లాల్సివచ్చింది. పుడ్డింగులో సగమే చేతికి రావడం వల్ల వచ్చిన తిప్పలు ఇవన్నీ.

నేను పదో తరగతిలో ఇదే పాఠాన్ని గైడులో చదివాను. ‘ఖండాంతర విధానం: కారణాలు, ఫలితాలు’ అని శీర్షిక. కింద ఆరు పాయింట్లు. ఆరూ బట్టీ పట్టాను, ఆరూ రాశాను, మార్కులు పడ్డాయి. రేవులు ఎందుకు మూయించాడో మాత్రం నాకు తెలియదు. గిల్రే బొమ్మ చూశాకే, అదీ చదువైపోయిన చాలా ఏళ్లకు, ఆ ఆరు పాయింట్లూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నా ముందు నిలబడ్డాయి. పాఠం చెప్పినవారిది తప్పని నేననను. గంటలో నలభై అయిదు మందికి చెప్పాలి, పరీక్ష దగ్గరపడుతుంది. కానీ ఇవాళ సివిల్స్ రాసే మన పిల్లలు కూడా ఇలాగే చదువుతున్నారు. 2013 నుంచి మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో 18వ శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్ర ఉంది. దానికోసం కోచింగ్ గదుల్లో కూర్చున్నవాళ్ల నోట్సులో ఎక్కడ చూసినా పాయింట్లే తప్ప మనుషులు కనిపించరు.

అందుకే ఈ నాలుగు మాటలు. చరిత్ర చేదుగా ఉంటుంది కాబట్టి దానికి హాస్యం అనే బెల్లం పూత పూసి మింగించాలని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. హాస్యమూ బొమ్మా పైపూతలు కావు, చరిత్ర అర్థం కావడానికి అవి దగ్గరి దారులు. ఎలాగో కాస్త నిదానంగా చెబుతాను.

ముందు బొమ్మ సంగతి. వాక్యానికి ఒక సౌకర్యం ఉంది, తెలియనిదాన్ని తేలిగ్గా దాటేయగలదు. ‘క్రీ.పూ. 218లో హానిబల్ ఏనుగులతో ఆల్ప్స్ పర్వతాలు దాటి రోము మీదికి వచ్చాడు’ అని ఒక్క ముక్కలో రాసేయొచ్చు. ఇప్పుడు దాన్ని గీయండి. పెన్సిల్ పట్టుకున్న మరుక్షణం ప్రశ్నలు మొదలవుతాయి. ఎన్ని ఏనుగులు? ఏం తిన్నాయి? ఆల్ప్స్ దాకా రావాలంటే ముందు రోన్ నది అడ్డం వస్తుంది, దాన్ని ఎలా దాటాయి?

ఈ చివరి ప్రశ్నకు గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ జవాబు రాసిపెట్టాడు. ఏనుగులు ముప్పై ఏడు. అవి నీళ్లలోకి దిగడానికి మొరాయించాయి. సైనికులు పెద్ద పెద్ద తెప్పలు కట్టి, వాటి మీద మట్టి పరిచి, ఒడ్డునుంచి సాగిన నేలలాగే కనిపించేట్టు చేశారు. ముందుగా రెండు ఆడ ఏనుగులను నడిపించారు. వాటి వెనక మిగతావి నమ్మకంగా వచ్చేశాయి. తెప్ప కదిలాక సంగతి తెలిసి కొన్ని బెదిరిపోయి నదిలో పడ్డాయి. పడ్డవి తొండాలు పైకెత్తి ఊపిరి పీలుస్తూ, నది అడుగున నడుచుకుంటూ అవతలి ఒడ్డుకు చేరాయి. పాపం, వాటి మావటీలు మాత్రం మునిగిపోయారు.

ఏనుగును ఎరిగిన మనకు ఈ దృశ్యం కళ్లకు కట్టడానికి క్షణం పట్టదు. నీటి పైన వరసగా తొండాలు మాత్రమే కనిపించే బొమ్మ గీస్తే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వులోనే హానిబల్ సైన్యం ఎంత కష్టపడి కదిలిందో, ఒక్క నదికే అంత తతంగం ఉంటే మంచుకొండలు ఎలా దాటి ఉంటారో తెలుస్తుంది. వాక్యం దాటేసిన చోట బొమ్మ మనల్ని ఆపుతుంది.

ఇక హాస్యం. ఏ హాస్యాన్నయినా విప్పి చూడండి. ఒక మనిషికి ఏదో కావాలి, దానికి ఏదో అడ్డుపడుతోంది, ఆ అడ్డు అతనికి కనబడటం లేదు, మనకు కనబడుతోంది. ఇంతే కదా. చరిత్రలో కారణాలంటే కూడా ఇవే. ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డు, ఎవరికి ఏది తెలియదు. కాబట్టి ఒక చారిత్రక సంఘటన మీద సరైన హాస్యం పండించాలంటే ఈ మూడూ తెలిసి తీరాలి. తెలియనివాడు నెపోలియన్ ముక్కు మీదో, పొట్ట మీదో జోకు వేయగలడు కానీ బెర్లిన్ ఉత్తర్వు మీద వేయలేడు. ఉపాధ్యాయులకు ఇది మంచి కొలబద్ద. ఫ్రెంచి విప్లవం మీద ఒక కార్టూన్ గీసి తెమ్మంటే, ఏ పిల్లకు పాఠం అర్థమైందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ రెండింటినీ కలిపి ప్రపంచ చరిత్ర మొత్తాన్ని గీసిన మనిషి ఒకడున్నాడు. పేరు లారీ గోనిక్, అమెరికన్. హార్వర్డులో గణితం చదివి, పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి కార్టూన్లలోకి వచ్చాడు. రియుస్ అనే కలంపేరుతో మెక్సికోలో ఎడ్వర్డో డెల్ రియో గీసిన పుస్తకాలు అతనికి దారి చూపాయి. బరువైన విషయాన్ని బొమ్మల్లో చెప్పొచ్చని రియుస్ నిరూపించాడు. గోనిక్ 1970ల చివర విశ్వం పుట్టుకతో మొదలుపెట్టి చిన్న చిన్న కామిక్ పుస్తకాలు వేయసాగాడు. డైనోసార్లు, ఆదిమానవులు, సుమేరియన్లు, ఈజిప్టు, గ్రీసు దాటి అలెగ్జాండర్ దాకా వచ్చిన మొదటి ఏడు పుస్తకాలు 1990లో ఒకే సంపుటంగా వెలువడ్డాయి. ఆ సంపుటానికి సంపాదకురాలు జాక్విలిన్ కెనెడీ ఒనాసిస్, అంటే అమెరికా అధ్యక్షుడు కెనెడీ భార్య. 1994లో రెండో సంపుటం భారతదేశాన్నీ చైనానూ రోమునూ పట్టుకుంది. 2002లో మూడోది అరేబియా నుంచి మొదలై యూరప్ పునరుజ్జీవనం దాకా నడిచింది. ఆధునిక ప్రపంచం మీద మరో రెండు పుస్తకాలతో 2009లో పని ముగిసింది. ఒక మనిషి, ఒక కలం, ముప్పై ఏళ్లు.

గోనిక్ పద్ధతిలో గమనించాల్సింది ఒకటుంది. ప్రతి గడిలోనూ పైన రాసిన మాటలు నిఖార్సయిన చరిత్ర. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం జరిగింది. ఆ గడిలోనే బొమ్మల నోటి దగ్గరున్న బెలూన్లలో హాస్యం. రాజు ఏదో గొప్ప ప్రకటన చేస్తుంటాడు, వెనక గొడుగు పట్టుకున్నవాడు ఇంకేదో గొణుగుతుంటాడు. పైన రాసింది జరిగింది, బెలూన్లో ఉన్నది కల్పితం. ఈ గీత ఎక్కడుందో పాఠకుడికి రెండు పేజీల్లోనే అలవాటైపోతుంది. తర్వాత ఎంత నవ్వినా ఏది నిజం, ఏది సరదా అన్న తికమక ఉండదు. పుస్తకం చివర తను చదివిన గ్రంథాల పట్టికను కూడా బొమ్మలతోనే ఇచ్చాడు.

ఈ పుస్తకం తెరిచిన తెలుగువాడికి ఇదంతా ఎక్కడో చూసినట్టుంటుంది. చూశాం కూడా. బుర్రకథలో. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు కథను గంభీరంగా నడుపుతాడు. అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకడిది రాజకీయం, ఒకడిది హాస్యం. కథకుడు యుద్ధం వర్ణిస్తుంటే హాస్యగాడు ఒక అమాయకపు ప్రశ్న వేస్తాడు. జనం గొల్లుమంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే వంకతో రాజకీయ వంత దాన్ని ఇవాళ్టి సంగతికి ముడిపెడతాడు. షేక్ నాజర్ బృందం పల్నాటి యుద్ధమో బొబ్బిలి యుద్ధమో చెబుతుంటే తెల్లవార్లూ కదలకుండా కూర్చున్న పల్లె జనం చరిత్రను ఇలాగే విన్నారు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్య కేతిగాడూ బంగారక్కా దూరేదీ ఇందుకే. చేర్యాల నకాశీ పటం ముందు నిలబడి, గడి తర్వాత గడి చూపిస్తూ కులపురాణం చెప్పే కథకుడి చేతిలో ఉన్నది నిలువునా చుట్టిన బొమ్మల పుస్తకమే. గడులూ, బొమ్మలూ, పక్కన నవ్వించేవాడూ మనకు కొత్తకాదు. ప్రపంచ చరిత్ర చెప్పేటప్పుడు మాత్రం మనం వాటిని ఇంటి దగ్గర వదిలేసి వచ్చాం.

‘మాకు బొమ్మలు రావండీ’ అనేవాళ్లు ఉంటారు. ఫర్వాలేదు, నాలుగు గీతల పటమైనా చాలు. 1930 అక్టోబరు నుంచి 1933 ఆగస్టు దాకా జవహర్‌లాల్ నెహ్రూ వేర్వేరు జైళ్లలో ఉంటూ కూతురు ఇందిరకు ప్రపంచ చరిత్ర మీద ఉత్తరాలు రాశారు. మొత్తం 196. అవే తర్వాత ‘గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ’ అయ్యాయి. లండన్‌లో ఆ పుస్తకం కొత్త కూర్పు వేసినప్పుడు అందులోకి యాభై పటాలు వచ్చాయి. గీసింది జె.ఎఫ్. హొరాబిన్. హెచ్.జి. వెల్స్ రాసిన ప్రపంచ చరిత్రకూ పటాలు ఆయనవే. ఈ హొరాబిన్ అసలు వృత్తి ఏమిటనుకున్నారు? పత్రికల్లో రోజువారీ కామిక్ స్ట్రిప్పులు గీయడం. అందుకే ఆయన పటాల్లో అనవసరమైన గీత ఉండదు. చెప్పదలచుకున్నది ఎడారి గుండా సాగే వర్తకం అయితే ఎడారి, దారి, రెండు ఊళ్లు, అంతే. రోజూ కొద్ది గడుల్లోనే కథ ముగించాల్సిన మనిషికి ఏది వదిలేయాలో తెలుస్తుంది. పిల్లలకు కావలసిందీ అదే. అట్లాసులో కనిపించే నూట యాభై పేర్లలోంచి ఈ పాఠానికి అవసరమైన నాలుగింటిని ఏరి, సుద్దముక్కతో బోర్డు మీద పెట్టగలిగితే చాలు. హెండ్రిక్ వాన్ లూన్ 1921లో రాసిన ‘ది స్టోరీ ఆఫ్ మ్యాన్‌కైండ్’లో బొమ్మలు ఆయన సొంతంగా గీసుకున్నవే. పిల్లవాడు గీసినట్టు గజిబిజిగా ఉంటాయి. అమెరికాలో బాలసాహిత్యానికిచ్చే న్యూబెరీ పతకం మొట్టమొదట, 1922లో, ఆ పుస్తకానికే దక్కింది.

ఇంత చెప్పాక జాగ్రత్తలు కూడా చెప్పాలి. బొమ్మకూ నవ్వుకూ ఉన్న బలమే వాటి ప్రమాదం. ఒకసారి మనసులో దిగితే మళ్లీ బయటికి రావు. నెపోలియన్ పొట్టివాడని ప్రపంచమంతా నమ్ముతుంది. చనిపోయినప్పుడు కొలిచిన ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, నిజమే. అయితే అవి ఫ్రెంచి అడుగులు, ఫ్రెంచి అంగుళాలు. మన లెక్కలో అది సుమారు 168 సెంటీమీటర్లు, అంటే 5 అడుగుల 6 అంగుళాలు. ఆ కాలపు ఫ్రెంచివాడికి అది మామూలు ఎత్తే. పొట్టివాణ్ణి చేసింది గిల్రే, ఆయన దారిలో గీసిన ఇతర ఇంగ్లీషు చిత్రకారులూ. కాబట్టి పుడ్డింగు బొమ్మ చూపించి నవ్వించిన మాస్టారు, ఆ నవ్వు ఆగాక ఈ 168 సెంటీమీటర్ల సంగతి కూడా చెప్పాలి. అప్పుడు ఒకే బొమ్మ రెండు పాఠాలవుతుంది. నెపోలియన్ ఏం చేశాడన్నది ఒకటి, శత్రువులు అతన్ని ఎలా చూడాలనుకున్నారన్నది రెండోది.

ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారన్న ప్రశ్న ఇంకా ముఖ్యం. 1831లో ఫ్రాన్సులో దోమియే అనే చిత్రకారుడు రాజు లూయీ ఫిలిప్‌ను ప్రజల డబ్బు మూటలు మింగే బకాసురుడిలా గీశాడు. అతన్ని జైల్లో పెట్టారు. అది బలవంతుణ్ణి చూసి నవ్విన నవ్వు. అదే శతాబ్దంలో లండన్ ‘పంచ్’ పత్రికలో టెనియల్ అనే చిత్రకారుడు ఐరిష్ తిరుగుబాటుదారులను కోతిముఖాలతో గీశాడు. 1857 ఆగస్టులో, మన సిపాయిల తిరుగుబాటు నడుస్తుండగా, బ్రిటిష్ సింహం బెంగాల్ పులి మీదికి దూకుతున్న బొమ్మ వేశాడు. పులి కాళ్ల కింద ఒక ఇంగ్లీషు స్త్రీ, బిడ్డ. ఆ బొమ్మ చూసి ఇంగ్లండులో ఎందరి రక్తం మరిగి ఉంటుందో! తర్వాత జరిగిన సామూహిక ఉరితీతలకు అక్కడ ఆమోదం ఎలా దొరికిందో తెలియాలంటే ఈ బొమ్మ పిల్లలకు చూపించి తీరాలి. అయితే నవ్వించడానికి కాదు, సాక్ష్యంగా.

ఇంకొక జాగ్రత్త కట్టుకథల గురించి. 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కారు దారి తప్పింది. డ్రైవరు పొరపాటున మలుపు తిరిగి, వెనక్కి తీయబోయి ఆపాడు. ఆపిన చోటే పందొమ్మిదేళ్ల గవ్రిలో ప్రిన్సిప్ పిస్తోలుతో ఉన్నాడు. ఇంతవరకూ నిజం. ప్రిన్సిప్ అక్కడికి సాండ్‌విచ్ తినడానికి వచ్చాడని, ఆ సాండ్‌విచ్ వల్లే ప్రపంచ యుద్ధం వచ్చిందని ఒక కథ ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది. ఆనాటి సాక్ష్యాల్లో సాండ్‌విచ్ ఎక్కడా లేదు. అతను ఆ వీధిలో ఉన్నది కావాలనే, ఊరేగింపుకు ప్రకటించిన దారి అదే కాబట్టి. కట్టుకథ నవ్విస్తుంది కానీ కుట్రను మరిపిస్తుంది, ప్రిన్సిప్‌కు ఏం కావాలో మరిపిస్తుంది. కారణాన్ని చెరిపేసే హాస్యం చరిత్రకు పనికిరాదు.

ఇప్పుడు ఆ 1914నే తీసుకుని, మన ఇంటి సరుకుతో ఒక పాఠం ఎలా చేయొచ్చో చూపిస్తాను. మా అక్క కూతురికి నేను ఈ పాఠం చెప్పింది ఒక పెళ్లి శుభలేఖ వెనక, బాల్‌పెన్నుతో.

పైన ఒక ముసలమ్మను గీయండి. విక్టోరియా మహారాణి. ఆమెకు తొమ్మిదిమంది పిల్లలు. మనకు ముగ్గురు చాలు. పెద్ద కూతురు, ఆమె పేరూ విక్టోరియానే, జర్మనీకి కోడలిగా వెళ్లింది. ఆమె కొడుకు కైజర్ విల్హెల్మ్. కొడుకు ఎడ్వర్డ్ ఇంగ్లండు రాజయ్యాడు. అతని కొడుకు ఐదో జార్జి. మరో కూతురు ఆలిస్. ఆమె కూతురు అలిక్స్ రష్యా చక్రవర్తి నికొలస్‌ను పెళ్లాడింది. ఇప్పుడు పక్కన ఇంకో ముసలాయనను గీయండి. డెన్మార్క్ రాజు క్రిస్టియన్. ఆయన కూతుళ్లలో ఒకామె జార్జికి తల్లి, ఆమె చెల్లెలు నికొలస్‌కు తల్లి.

ఇంగ్లీషు పుస్తకాల్లో జార్జి, విల్హెల్మ్, నికొలస్ ముగ్గురినీ ‘కజిన్లు’ అని ఒక్క మాటతో సరిపెడతారు. మన భాషలో అలా కుదరదు, వరసలు తేలాలి. మా పిల్ల కాగితం మీద వేలు పెట్టి తనే తేల్చింది. విల్హెల్మ్ జార్జికి మేనత్త కొడుకు, వయసులో పెద్ద. కాబట్టి బావ. నికొలస్ జార్జికి పిన్ని కొడుకు, చిన్నవాడు. కాబట్టి తమ్ముడు. నికొలస్ భార్య అలిక్స్ విల్హెల్మ్‌కు పిన్ని కూతురు, అంటే చెల్లెలు. కాబట్టి రష్యా చక్రవర్తి జర్మనీ చక్రవర్తికి చెల్లెలి మొగుడు. మరి అలిక్స్ జార్జికి ఏమవుతుంది? మేనత్త కూతురు కాబట్టి మరదలు. తమ్ముడి భార్య కాబట్టి కూడా మరదలే. ఇక్కడికి వచ్చేసరికి మా పిల్ల పకపకా నవ్వింది. ఏ ఇంగ్లీషు పుస్తకమూ పుట్టించలేని నవ్వు అది.

1913 మేలో ఈ ముగ్గురూ బెర్లిన్‌లో విల్హెల్మ్ కూతురి పెళ్లిలో కలిశారు. ఆ సందర్భంలో జార్జి, నికొలస్ జర్మన్ సైనిక దుస్తులు వేసుకుని పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఉంది. ఇద్దరివీ ఒకటే గడ్డాలు, ఒకటే కళ్లు. ఎవరెవరో చెప్పడం కష్టం. ఏడాది తర్వాత, 1914 జూలై చివర, సేనలు కదులుతుండగా విల్హెల్మ్, నికొలస్ ఒకరికొకరు ఇంగ్లీషులో టెలిగ్రాములు ఇచ్చుకున్నారు. ఒకాయన ‘విల్లీ’ అని, ఒకాయన ‘నిక్కీ’ అని సంతకం. యుద్ధం ఆపుదామని ఇద్దరూ రాశారు. రైళ్లు మాత్రం ఆగలేదు. సైన్యాల సమీకరణకు జనరళ్లు వేసిన టైంటేబుల్ చక్రవర్తుల చేతిలో లేదు. ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది. బావమరుదుల టెలిగ్రాములను ఒక గడిలోనూ, పక్క గడిలో ఆగకుండా పోతున్న రైలునూ గీస్తే, ఈ యుద్ధం రాజుల పంతంతో మాత్రమే రాలేదని, ఒప్పందాలూ టైంటేబుళ్లూ కలిసి లాక్కెళ్లాయని పిల్లలకు అర్థమవుతుంది.

ఆ తర్వాత గడులు ఎలా గీయాలో కూడా చెబుతాను. 1917లో రష్యా విప్లవం వచ్చి నికొలస్ గద్దె దిగాడు. ఆయన కుటుంబానికి ఆశ్రయం ఇస్తామని బ్రిటిష్ ప్రభుత్వం ముందు ఒప్పుకుంది. తన సింహాసనానికి ముప్పని భయపడి జార్జి దాన్ని వెనక్కి తీసుకునేలా చేశాడు. అదే ఏడాది జూలై 17న జర్మన్ పేరులా వినిపించే తన ఇంటిపేరును వదిలేసి ‘విండ్సర్’ అని పెట్టుకున్నాడు. సరిగ్గా ఏడాదికి, 1918 జూలై 17 తెల్లవారుజామున, యెకాతెరిన్‌బర్గ్‌లో ఒక ఇంటి నేలమాళిగలో తమ్ముణ్ణీ, మరదలినీ, వాళ్ల అయిదుగురు పిల్లలనూ కాల్చి చంపారు. ఈ గడిలో బెలూన్లు వద్దు. హాస్యం చెప్పే వంత ఇక్కడ డక్కీ దించేయాలి. ఇంతసేపూ వరసలు కట్టి నవ్వుకున్నాం కాబట్టే ఈ గడి దగ్గర గొంతు పట్టేస్తుంది. శుభలేఖ వెనక ఆ ఏడుగురి పేర్ల మీదా గీత కొట్టాక మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

నవ్వు ఎక్కడ ఆగాలో తెలియడానికి మన దేశం నుంచే ఇంకో ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, బెంగాల్ కరువు ప్రాంతాల్లో చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు కాలినడకన తిరిగి, ఆకలితో చచ్చిపోతున్న మనుషులను నల్ల సిరాతో గీశాడు. ఆ బొమ్మల పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం తగలబెట్టించింది. నవ్వించే బొమ్మ గీసిన దోమియేను జైల్లో పెట్టారు, ఏడిపించే బొమ్మ గీసిన చిత్తప్రసాద్ పుస్తకాన్ని కాల్చారు. పాలకులకు బొమ్మ విలువ మనకంటే బాగా తెలుసు.

ఇంగ్లండులో ఉంటున్న తెలుగు పిల్లలు 1993లో మొదలైన ‘హారిబుల్ హిస్టరీస్’ పుస్తకాలు చదువుకుంటూ ట్యూడర్ రాజుల గురించి కిలకిలా నవ్వుతున్నారు. టెరీ డియరీ రాతలు, మార్టిన్ బ్రౌన్ బొమ్మలు. అమెరికాలో ఉన్నవాళ్ల చేతికి గోనిక్ దొరుకుతాడు. నంద్యాలలోనో సూర్యాపేటలోనో తెలుగు మీడియంలో చదివే పిల్లకు గిల్రే పుడ్డింగు అందాలంటే మధ్యలో ఒక తెలుగు పుస్తకం కావాలి. అనువాదం కాదు. మేనత్త, పిన్ని, మరదలు వరసల్లో ఆలోచించి, తెలుగులో గీసి, తెలుగులో నవ్వించేది. కార్టూన్ గీతకు మన దగ్గర కరువు లేదు, తలిశెట్టి రామారావు నుంచి బాపు దాకా, ఇవాళ్టి వారి దాకా. చరిత్ర తెలిసిన అధ్యాపకులకూ కొదవ లేదు. ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలని నా విన్నపం.

మొదటి పుస్తకానికి సరుకు సిద్ధంగానే ఉంది. సారాయెవోలో పిస్తోలు పేలిన 1914 జూన్ 28 నుంచి బ్రిటన్ యుద్ధంలోకి దిగిన ఆగస్టు 4 దాకా లెక్కిస్తే ముప్పై ఎనిమిది రోజులు. రోజుకొక పేజీ చొప్పున గీసినా నలభై పేజీలు దాటదు.